యానిస్ అనే పేరు, మా బావ నోరు

మా బావ కీళ్ళ డాక్టరు. మూరెడు పొడవున్న జబ్బుల పేర్లు, బారెడు పొడవున్న మందుల పేర్లు ఎక్కడా తడుముకోకుండా చెప్తాడు. ఇంగ్లండ్‌లోని బేసింగ్‌స్టోక్ చుట్టుపక్కల తెలుగువాళ్ళ ఇళ్ళలో ఎవరికి మోకాలు నొప్పి పుట్టినా, జీపీ అనే పేట డాక్టరు దగ్గర అపాయింట్‌మెంట్ దొరికేలోపు ముందు ఆయనకే ఫోన్ చేస్తారు. అలాంటి మనిషికి రెండున్నర అక్షరాల పేరు ఒకటి నోట పట్టలేదు. యానిస్. అది ఆయన సొంత అల్లుడి పేరు.

నోరు తిరగక అలా జరిగిందని మా అక్క ఇప్పటికీ అంటుంది. ఆయనకు తిప్పడం ఇష్టం లేదు, అంతే. ఆ సంగతి నాకు మొదటిరోజే తెలుసు, ఎందుకంటే నేనప్పుడు వాళ్ళ భోజనాల బల్ల దగ్గరే కూర్చుని ఉన్నాను.

మా అక్కకూతురు ఇక్కడే పుట్టింది. తెలుగు అంతా అర్థమవుతుంది, జవాబు మాత్రం ఇంగ్లీషులో చెప్తుంది. తనతో పాటు ఆఫీసులో పనిచేసే అబ్బాయిని ఒక ఆదివారం భోజనానికి తీసుకొచ్చింది. లాత్వియా వాడు. పొడుగ్గా, కాస్త వంగి నడుస్తాడు. గుమ్మంలోనే బూట్లు విప్పి పక్కకు సర్దాడు. చెప్పకుండానే విప్పాడని మా అక్క అక్కడికక్కడే సగం ఒప్పేసుకుంది.

బావ పేరు అడిగాడు. అతను చెప్పాడు. బావ స్పెల్లింగ్ అడిగాడు. అదీ చెప్పాడు, మొదటి అక్షరం జె.

"జానిసా? అది ఆడవాళ్ళ పేరు కదమ్మా," అన్నాడు బావ కూతురి వైపు తిరిగి. "మా డిపార్ట్‌మెంట్ సెక్రటరీ పేరు అదే."

"డాడీ, అది జె కాదు. వై లాగా పలకాలి. యా-నిస్."

"ఇంగ్లండ్‌లో జె అంటే జె. లెటర్ వస్తే పోస్ట్‌మాన్ కూడా ఆడమనిషే అనుకుంటాడు." అని అతని వైపు తిరిగి నవ్వుతూ ఇంగ్లీషులో, "మీ భాషలో అది జాన్ అన్నట్టే కదా. జాన్ అంటాం, నీకేం అభ్యంతరం లేదుగా?" అన్నాడు.

మొదటిసారి కాబోయే అత్తవారింటికి వచ్చినవాడు అభ్యంతరం ఉందని ఎలా అంటాడు? చిన్నగా నవ్వి ఊరుకున్నాడు. ఆ నవ్వును మా బావ సంతకం కింద జమ కట్టుకున్నాడు. ఆరోజు నుంచి ఆ ఇంట్లో అతను జాన్.

ఇందులో నాకు ఒళ్ళు మండించే విషయం వేరే ఉంది. మా బావకే ఈ దేశంలో పేరు లేదు. వచ్చిన కొత్తలో మొదటి ఆసుపత్రిలో పెద్ద డాక్టరు ఎవరో, "ఇంత పొడుగు పేరు నావల్ల కాదు," అని మొదటి అక్షరం ఒక్కటి ఉంచి మిగతాది కొట్టేశాడు. మా బావ బతుకంతా ఆ ఒక్క అక్షరంతోనే గడిచింది. కోటుకు తగిలించుకునే బ్యాడ్జి మీదా అదే, స్నేహితుల నోట్లోనూ అదే. ఈ కథను ఆయన ప్రతి విందులోనూ చెప్తాడు, బిరుదు ఇచ్చినట్టు. ఆ పెద్ద డాక్టరు గొంతును అనుకరిస్తాడు కూడా. జేబు కొట్టినవాడి చురుకుదనాన్ని మెచ్చుకుంటూ తిరిగే మనిషిని నేను ఇంకెక్కడా చూడలేదు. ఇప్పుడు ఆయనకు తన కింద ఒకడు దొరికాడు. తన మీద వాడిన కత్తెరను తుడిచి, నూనె రాసి, అల్లుడి మీద వాడాడు.

మా అక్కను వదిలేస్తే అన్యాయం. సూపర్‌మార్కెట్‌లో ఫ్రెంచి చీజుల పేర్లు ముక్కుతో సాగదీసి పలికే మనిషి తను. నేను ఒకసారి అడిగాను, "అక్కా, ఆ అబ్బాయిని అతని పేరుతో పిలిస్తే ఏం పోయింది?" అని.

"పోయేదేముందే. మీ బావ ఒకటి అంటుంటే నేను ఇంకొకటి అంటే బాగోదు కదా. అందరికీ నోరు తిరగాలి కూడానూ," అంది.

అందరికీ అంటే వాళ్ళతో కలిసి దీపావళి చేసుకునే నలుగురు డాక్టర్ల కుటుంబాలు. వాళ్ళ నోళ్ళ సౌకర్యం కోసం పెళ్ళి కార్డు మీద 'చి. జాన్' అని అచ్చు వేయించారు.

పెళ్ళి ఒక కమ్యూనిటీ హాల్లో జరిగింది. పురోహితుడు వారమంతా సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసుకుని శని, ఆదివారాల్లో పెళ్ళిళ్ళు చేయించే మనిషి. సంకల్పం దగ్గర ఆగి, "జాన్ అంటే మంత్రంలో అతకడం లేదండీ," అన్నాడు. మా బావ క్షణం ఆలోచించలేదు. "జనార్దన అనండి," అన్నాడు. జ ఉంది, న ఉంది, సరిపోయింది. గోత్రం లేనివాళ్ళకు ఉండనే ఉంది కాశ్యపస. పురోహితుడు గొంతు సవరించుకుని కాశ్యపస గోత్రోద్భవస్య, జనార్దన నామధేయస్య అని సాగించాడు.

నేను వెనకే నిలబడి ఉన్నాను. పెళ్ళికొడుకు మెల్లగా తల తిప్పి, "ఆయన చెప్తున్నది ఎవరి పేరు?" అని నన్ను అడిగాడు.

"నీదే," అన్నాను.

"ఇంకొకటా?" అన్నాడు.

అలా అతను డాక్టర్లకు జాన్ అయ్యాడు, దేవతలకు జనార్దనుడు అయ్యాడు, జీపీ ఆసుపత్రి రిసెప్షన్‌లో పిలిచేటప్పుడు జానిస్ అయ్యాడు. అక్కడ ఆ పిలుపు విని లేచినప్పుడు వెయిటింగ్ రూమ్‌లో జనం ఒకసారి తలెత్తి చూస్తారట. అది తనే నవ్వుతూ చెప్పాడు. ఈ దేశం చేసినదానికి అతను నవ్వుకోగలడు. పరాయి దేశం, తెలియక చేసింది. ఇంట్లోవాళ్ళది తెలియనితనం ఎలా అవుతుంది?

నేను ఇదే ఊళ్ళో ఒక ఇన్సూరెన్స్ ఆఫీసులో పనిచేస్తాను. వాళ్ళ ఫ్లాట్ నా దారిలోనే. అప్పుడప్పుడు పచ్చడో పులుసో ఇచ్చిపోవడానికి ఆగేదాన్ని. ఒక సాయంత్రం అతను గిన్నెలు కడుగుతుంటే నేను తుడుస్తూ నిలబడ్డాను. మా అక్కకూతురు పక్కగదిలోంచి "యానీ" అని కేకేసింది.

"చివర 'స్' ఏమైంది?" అని అడిగాను.

మగవాళ్ళ పేర్ల చివర 'స్' రావడం వాళ్ళ భాష పద్ధతి అని చెప్పాడు. మనిషి గురించి మాట్లాడేటప్పుడు అది ఉంటుంది, ఎదురుగా పిలిచేటప్పుడు పోతుంది. పరాయి దేశం మగవాడి పేరైనా సరే, వాళ్ళ భాషలోకి వచ్చిందంటే చాలావరకు ఆ తోక తగులుకోవాల్సిందే.

నాకు నవ్వొచ్చింది. "మాకూ ఉందయ్యా. రాముడు వచ్చాడు అంటాం. పిలిచేటప్పుడు రామా అంటాం. మా 'డు' ఎక్కడికి పోతుందో మీ 'స్' అక్కడికే పోతుంది."

అతను చేతికి సబ్బు నురగతోనే ఆగిపోయి, "రాముడు. రామా," అని రెండుసార్లు అనుకున్నాడు. తర్వాత వాళ్ళ పండగ గురించి చెప్పాడు. వాళ్ళకు ఏడాదిలో ప్రతి రోజుకూ కొన్ని పేర్లు రాసి ఉంటాయట. మన పేరున్న రోజున ఇంటికి ఎవరైనా పిలవకుండా రావచ్చు. యానిస్ రోజు జూన్ ఇరవై నాలుగు. ఎండాకాలంలో పగలు బాగా సాగే రోజులు అవి. ఆ పేరున్నవాళ్ళ ఇంటికే కాదు, దేశం మొత్తానికీ పండగే. ముందురోజు సాయంత్రం నుంచే మంట వేసి, పాడుతూ తెల్లారేదాకా మేలుకుంటారు. మగవాళ్ళు ఓక్ ఆకుల కిరీటం పెట్టుకుంటారు, ఆడవాళ్ళు పూలది. యానిస్ అన్న పేరున్నవాడు ఆరోజు ఇంటి పెద్ద.

ఇదంతా మరుసటి ఆదివారం బావకు చెప్పాను. "పట్టుమని పిడికెడు మంది లేని భాషకు ఇంత వ్యాకరణం ఎందుకో," అన్నాడు పెరుగు కలుపుకుంటూ. సొంత కూతురికి తెలుగులో ఒక వాక్యం చెప్పడం నేర్పని మనిషి ఆ మాట అన్నాడు. పెరుగన్నం తింటున్న మనిషితో వాదించడం నాకు చేతకాదు.

నిరుడు జూన్‌లో అతని తల్లి వచ్చింది. భర్త పోయాక పల్లెలో ఒక్కతే ఉంటుంది. ఇంగ్లీషు రాదు. రాగానే కూతురింటికి వచ్చిన తల్లిలా వంటిల్లు ఆక్రమించింది. పాలు కాచి, విరిచిన ముద్ద కలిపి, గుడ్డు, వెన్న వేసి, మన జీలకర్రకు దాయాదుల్లాంటి గింజలు చల్లి, గుడ్డలో మూటగట్టి, బరువు పెట్టింది. ఆ పండగకు ఆ చీజు లేకపోతే కుదరదట. మా అక్క మూట వాసన చూసి, "పనీర్‌కి పోపు పెట్టినట్టుంది," అంది. తర్వాత రెండు ముక్కలు తిన్నది, అది వేరే విషయం.

పండగ సాయంత్రం వాళ్ళ కింది అంతస్తు ఫ్లాట్ వెనక గార్డెన్‌లోనే. చిన్న గార్డెన్, పక్కింటి కంచె చేతికి అందుతుంది. ఇనుప తొట్టిలో మంట వేశారు. ఓక్ కొమ్మలు కారు పార్కు వెనకాల నుంచి కోసుకొచ్చారని తెలిసి మా బావ, కౌన్సిల్ వాళ్ళు చూస్తే ఫైన్ వేస్తారని గొణిగాడు. ఆయన ఇంకో ఘనకార్యం కూడా చేశాడు. ఎవరినీ అడక్కుండా ఆ నలుగురు డాక్టర్లనూ కుటుంబాలతో పిలిచేశాడు. అల్లుడి బర్త్‌డే అని చెప్పి పిలిచాడు. వాళ్ళు గిఫ్టు బ్యాగులతో దిగారు. మా అక్కకూతురి మొహం మాడిపోయింది. కానీ ఆ తల్లి మాత్రం పిలవని జనం వచ్చినందుకు వెలిగిపోయింది. ఆ పండగకు జనం అలాగే రావాలి మరి. రెండేళ్ళలో మా బావ వాళ్ళ ఆచారం ప్రకారం చేసిన పని అదొక్కటే, అదీ తెలియక చేసింది.

ఆమె చేతిలో ఓక్ ఆకుల కిరీటంతో మా బావకు ఎదురొచ్చింది. నిలబడి, ఊపిరి తీసుకుని, ఆయన పేరు పలికింది. పూర్తి పేరు. ఇంటిపేరుతో సహా. వారం నుంచి కోడలితో చెప్పించుకుని నేర్చుకుందట. ఆ పేరు అలా మొత్తంగా వినబడి ఎన్నేళ్ళయిందో. మా పెద్దవాళ్ళు పోయాక దాన్ని పలికినవాళ్ళు లేరు. మా అక్కయితే నోరు తెరిచి అలా చూస్తుండిపోయింది. ఆమె వత్తులు కూడా వదల్లేదు. బావ పేరు 'ద్' దగ్గర ముగుస్తుంది. ఆమె అక్కడ ఆగలేదు. తన భాష పద్ధతి ప్రకారం చివర 'స్' చేర్చింది.

బావ కనుబొమలు ముడిపడ్డాయి. "నో, నో. 'స్' లేదు. దేర్ ఈజ్ నో ఎస్," అన్నాడు. అని, వేలితో గాల్లో కొట్టేసినట్టు చూపించాడు. "జస్ట్ కాల్ మీ..." అంటూ ఆ ఒక్క అక్షరం చెప్పాడు.

ఆమెకు అర్థం కాలేదు. నవ్వుతూనే కిరీటం ఆయన తలకు పెట్టింది. ఫోటో అవగానే ఆయన దాన్ని తీసి కుర్చీ మీద పడేశాడు, ఆకుల్లో పురుగులుంటాయని.

అందరూ ప్లేట్లు పట్టుకున్నాక బావ గ్లాసు మీద చెంచాతో కొట్టి మాట్లాడటం మొదలుపెట్టాడు. "మా జాన్ చాలా మంచివాడు. జాన్ మా కుటుంబంలో పాలల్లో పంచదారలా కలిసిపోయాడు. జాన్ లాంటి అల్లుడు..." ఇలా సాగింది. డాక్టర్లు తలలూపుతున్నారు. ఆ తల్లి శ్రద్ధగా విన్నది. ఆమెకు అర్థమైన మాట అదొక్కటే, జాన్. మధ్యలో కొడుకు చెవిలో ఏదో అడిగి, లోపలికి వెళ్ళి ఒక ప్లేటు, ఫోర్కు తెచ్చి, తన పక్కన ఖాళీ కుర్చీ ముందు పెట్టింది. అందులో చీజు ముక్క కూడా వేసింది.

"ఎవరికి?" అని మా అక్క సైగ చేసింది.

"జాన్," అంది ఆమె, దారి వైపు చూపిస్తూ. అందరూ ఇంతగా చెప్పుకుంటున్న ఆ పెద్దమనిషి ఇంకా రాలేదని అనుకుంది.

ఒక డాక్టరు భార్య నవ్వింది. మిగతావాళ్ళు నవ్వలేదు. కొడుకు తల్లి పక్కన వంగి మెల్లగా చెప్పాడు. ఆమె అతని మొహం చూసింది, ప్లేటు చూసింది, మా బావను చూసింది. ఒక్క మాట అడిగింది. అతను దాన్ని ఇంగ్లీషులోకి మార్చకుండా ఊరుకోబోయాడు. మా అక్కకూతురు, "చెప్పు," అంది.

"ఎందుకని అడుగుతోంది," అన్నాడు అతను.

"ఇక్కడివాళ్ళకు సులువుగా ఉంటుందని," అన్నాడు బావ. "కన్వీనియన్స్. అంతకన్నా ఏమీ లేదు."

అప్పుడు మా అక్కకూతురు లేచింది. ఇంగ్లీషులోనే అంది గానీ, నేను మన మాటల్లో చెప్తాను. "డాడీ, ఇందాక నీ పేరుకు ఒక్క అక్షరం ఎక్కువైందని నలుగురిలో దిద్దావు. ఆవిడ వారం రోజులు కష్టపడి నేర్చుకుంది. మరి రెండేళ్ళ నుంచి నువ్వు అతని పేరే తీసేశావు. నీకు వినబడుతోందా?"

"దీనికీ దానికీ ఏంటమ్మా సంబంధం? అందరి ముందూ..."

"అందరి ముందే కదా పిలిచావు."

బావ నా వైపు చూశాడు, మధ్యలో కల్పించుకుని సర్దుతానేమోనని. ఇలాంటప్పుడు మరదళ్ళు సర్దాలి. "నన్ను చూస్తారేంటి బావగారూ, పిల్ల అడిగినదానికి జవాబు చెప్పండి," అన్నాను. ఆయన కిరీటం పక్కకు నెట్టి ఆ కుర్చీలో కూర్చున్నాడు.

ఆ తల్లి మాత్రం గొంతు పెంచలేదు. కూర్చుని, మంట వైపు చూస్తూ చెప్పింది, కొడుకు ఒక్కో వాక్యం ఇంగ్లీషులో చెప్పాడు. ఆమె మరీ చిన్నపిల్లగా ఉన్నప్పుడు ఆ పండగ చేసుకోకూడదని వాళ్ళ దేశాన్ని అప్పుడు ఏలుతున్న పరాయి ప్రభుత్వం ఆంక్ష పెట్టిందట. మంట వేస్తే ఎవరో ఒకరు పైవాళ్ళకు చెప్పేసేవాళ్ళు. కానీ పేరు పెట్టుకోవద్దని ఎవరూ అనలేకపోయారు. ఆమె తండ్రి పేరు యానిస్. ఆ సాయంత్రం ఊళ్ళోవాళ్ళు ఒక్కొక్కరే వాళ్ళింటికి వచ్చేవారు. ఎవరైనా అడిగితే, యానిస్‌కి పేరు రోజు, పలకరించడానికి వచ్చాం అనేవారు. లోపల చీజు, బీరు, పాట. పాట మెల్లగా. భర్త పేరు కూడా అదే. కొడుకు పుట్టినప్పుడు వేరే పేరు ఆలోచించలేదు.

"వాళ్ళ దేశంలో సగం మందికి అదే పేరనుకుంటా," అన్నాడు ఒక డాక్టరు, ఏదో ఒకటి అనాలని.

"అవును," అన్నాడు యానిస్. "చాలామందికి. అందుకే బాగుంటుంది."

మా బావ వాచీ చూసుకున్నాడు. రేపు ఆన్‌కాల్ డ్యూటీ ఉంది, వెళ్ళాలి అన్నాడు. ఆయన డ్యూటీల పట్టిక మా అక్క వాళ్ళ ఫ్రిజ్ తలుపు మీదే అంటించి ఉంటుంది. లేదని నాకూ తెలుసు, మా అక్కకూ తెలుసు. ఆ మాట విని కూడా మా అక్క కుర్చీలోంచి కదల్లేదు. "మీరు వెళ్ళండి, నేను చెల్లితో వస్తాను," అంది. ముప్ఫై ఏళ్ళ కాపురంలో ఆయన కారు తను లేకుండా ఒక విందు నుంచి కదలడం నేను చూసింది అదే. డాక్టర్లు కూడా ఒక్కొక్కరే గిఫ్టు బ్యాగులు గోడ పక్కన వదిలి జారుకున్నారు. జాన్ అన్న అబద్ధం ఇన్నాళ్ళూ విన్నందుకు వాళ్ళకు సిగ్గు లేదు. నలుగురిలో ఒకడి అబద్ధం బయటపడ్డందుకు సిగ్గుపడ్డారు. రేపు తమదీ పడొచ్చు.

వాళ్ళు వెళ్ళాక ఆ తల్లి పాట అందుకుంది. ప్రతి పాదం చివరా ఒకటే పల్లవి, లీగో, లీగో అని. నాకు అర్థం కాలేదు, అందులో గొప్ప శ్రావ్యత ఏదో ఉందని కూడా అబద్ధం చెప్పను. ఆమె గొంతు బొంగురు. మా అక్క మూడో పాదం నుంచి పల్లవి అందుకుంది. భజనల్లో అలవాటు.

ఈ కథ విన్న కొందరు మా బావ ఆ తర్వాత మారాడా అని అడుగుతారు. జాన్ అనడం మానేశాడు. కూతురు ఆ పేరుకు పలకడం మానేసింది, ఫోన్లో ఆ మాట వినబడగానే పెట్టేసేది. పాపం ఎన్నాళ్ళని మళ్ళీ మళ్ళీ ఫోన్ కలుపుతాడు? దానికి ఆయన ఒక దారి కనిపెట్టాడు. ఇప్పుడు అతన్ని "అల్లుడు" అంటాడు. అల్లుడు వచ్చాడా, అల్లుడికి పెట్టు, అల్లుణ్ణి అడుగు. మన భాషలో అది ముద్దు మాటే కాబట్టి తప్పు పట్టడానికి ఎవరికీ సందు లేదు. పేరు నేర్చుకోవడానికి అరనిమిషం పడుతుంది. దాన్ని తప్పించుకోవడానికి మా బావ జీవితాంతం కష్టపడటానికి సిద్ధపడ్డాడు.

మా అక్క నేర్చుకుంది. దీర్ఘం తప్పు చోట పెట్టి "యనీస్" అంటుంది. అతను దిద్దడు. నేను దిద్దుతాను, ఆవిడ విసుక్కుంటుంది, మళ్ళీ అలాగే అంటుంది.

మొన్న దసరా భోజనాల దగ్గర కొత్తగా వచ్చిన ఒక డాక్టరు, "మీ అల్లుడి పేరేంటి సర్?" అని మా బావను అడిగాడు. ఆయన గ్లాసు ఎత్తి నీళ్ళు తాగాడు. ఖాళీ అయ్యేదాకా తాగాడు. యానిస్ ఎదురుగానే కూర్చుని, అప్పడం విరుస్తూ, ఆయన గ్లాసు దించేదాకా ఓపికగా చూశాడు. దించాక బావ మళ్ళీ నీళ్ళు నింపుకున్నాడు. చివరికి యానిసే చెయ్యి చాపి తన పేరు చెప్పుకున్నాడు. ఆ కొత్త డాక్టరు ఒక్కసారి విని సరిగ్గా అనేశాడు. గుంటూరు కుర్రాడు, వచ్చి నెల కూడా కాలేదు. ఇంకా ఇక్కడివాళ్ళెవరూ అతని పేరు కత్తిరించినట్టు లేరు.

వయసైపోతున్న మనిషి, వదిలెయ్యొచ్చు కదా అని నాతో అన్నవాళ్ళున్నారు. నేను వదల్లేదు. ఆయనంటే నాకు కోపం కూడా లేదిప్పుడు, చులకన మిగిలింది. అది కోపం కన్నా ఎక్కువ కాలం నిలుస్తుందని ఆ పండగ తర్వాత నాకు బాగా తెలిసింది.